కింది వాటా నీళ్ళు

ఫిబ్రవరి. థండర్ బే.
సుపీరియర్ సరస్సు కనుచూపు మేరా గడ్డకట్టి ఉంది.
పైపులోకి వచ్చే చన్నీళ్ళు మూడు డిగ్రీలు,
చెయ్యి పెడితే ఎముకల్ని పేరు పెట్టి పిలుస్తాయి.

పై వాటా ఆర్వో లాహ్టినెన్ ఫోన్‌లో చెప్పింది ఇంతే:
"టబ్బు కుళాయికి బుద్ధి నిలకడగా లేదు."

వెళ్ళాను. ధాన్యం గిడ్డంగుల్లో అరిగిన చేతులు,
ఎడమ పాదం మీద నాణెమంత ఎర్ర మచ్చ.
"మొన్నటిది," అన్నాడు.
పెరట్లో సానా గది ఉంది, చెక్క తలుపుకి రెండు తాళాలు.
ఒకటి ఈయనది,
ఒకటి కింది వాటాలో ఉండే తమ్ముడు రేయ్నోది.
ఏ ఒక్కరూ తియ్యలేరు.
అందుకని టబ్బు.

హ్యాండిల్ ఊడదీశాను, రేకు పళ్ళెం తీశాను,
క్లిప్పు పీకి కార్ట్రిడ్జ్ లాగితే
రాలేదు. పన్నెండేళ్ళ మొండితనం.
గోడకి కాలు తన్నిపెట్టి లాగాను,
చీదినట్టు చప్పుడు చేసి వచ్చింది.

దాని కడుపులో వేలెడైనా లేని ఇత్తడి ముక్క ఉంటుంది.
ఒక పక్క వేడి, ఒక పక్క చల్లన,
మధ్యలో అది జరుగుతూ ఉండాలి,
ఒకరి జోరు తగ్గితే రెండోవాళ్ళని ఆపుతూ.
తగవు తీర్చే పెద్దమనిషి అనుకోండి.
తుప్పు పెచ్చు ఒకటి ఇరుక్కుని
పెద్దమనిషి కదలడం మానేశాడు.
కింద ఎవరైనా ఫ్లష్ లాగారా,
చన్నీళ్ళన్నీ అటే పరుగు.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు,
తోడు తప్పితే ఏమవుతుందో ఆ పాదాన్ని అడగాలి.

"మారిస్తే ఇక తెలీదన్నమాట," అన్నాడు ఆర్వో.
"ఏమిటి?"
నీళ్ళు నమిలాడు.
తువ్వాలు మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు.
"ఆరున్నరకి వాడు లేస్తాడు.
ఆ టైముకే నేను కుళాయి కింద కాలు పెడతాను.
చుర్రుమంటే సరే, లేచాడు అనుకుంటాను.
నవంబర్లో మూడు రోజులు చుర్రుమనలేదు.
మూడు రోజులూ నీళ్ళు చల్లారేదాకా కూర్చున్నాను.
నాలుగో రోజు కాలింది.
అంత హాయిగా ఎప్పుడూ స్నానం చెయ్యలేదు."

నేను ప్లంబర్ని. నా సంచిలో దీనికి పనిముట్టు లేదు.
కొత్త కార్ట్రిడ్జ్ దూర్చాను,
రబ్బరు రింగులకి గ్రీజు రాశాను,
వేడి హద్దు పన్ను రెండు మెట్లు వెనక్కి తిప్పాను.
ధార కింద థర్మామీటర్: నలభయ్యొకటి.

"ఇప్పుడు పరీక్ష," అన్నాను.
"ఇక్కడ ధార పారుతుండగా కింద ఫ్లష్ లాగాలి.
నేను సూది చూడాలి. వెళ్ళలేను."
పైవాటా సింకు తిప్పినా సరిపోయేది.
చెప్పలేదు.

పదమూడు మెట్లు. మూడో మెట్టు మీద చాలాసేపు.
తలుపు చప్పుడు.
ఫిన్నిష్‌లో ఒక చిన్న మాట,
బదులుగా ఇంకా చిన్న మాట.
నీళ్ళు పోతూనే ఉన్నాయి, బిల్లు ఎవరిదో.

నేలలోంచి గొంతు: "ఇప్పుడా?"
ఆర్వోది కాదు.
"ఇప్పుడే!"
గోడలో పైపు గుర్రుమంది.
సూది అర గీత వణికి, నిలబడింది.
"ఇంకోసారి!" అన్నాను, అవసరం లేకపోయినా.
ట్యాంకు నిండేదాకా ఆగాలి కదా,
ఆగారు.
ఆ మధ్యలో కింద కుర్చీ జరిగింది,
ఒకటా రెండా తెలీలేదు.

బిల్లు అద్దం అంచున గుచ్చి,
పాత కార్ట్రిడ్జ్‌ని సబ్బు పెట్టెలో వదిలి
దిగుతుంటే కింది తలుపు బెత్తెడు తెరుచుకుంది.
అవే కనుబొమలు, ఇంకొంచెం తెలుపు.
"అమ్మాయ్, నాదీ ఒక షవర్ ఉంది.
పైన వాడు టబ్బు నింపితే చాలు
నా నెత్తిన మంచు పడుతుంది."
"రేపు వస్తాను."
రేయ్నో బూట్ల వైపు చూశాడు.
"తొందరేం లేదు," అన్నాడు.
"ఎండాకాలం దాకా ఆగొచ్చు."